ఎడమకు ఒరిగిన చుక్క

గౌలిపురలో తెల్లవారడమంటే బర్రెలు లేవడమే. మనుషులు కాస్త ఆలస్యంగా లేచినా ఎవరూ ఏమీ అనుకోరు గానీ, పాలు పితకడం ఆలస్యమైతే గల్లీ అంతా అరుపులే. రుక్మాబాయి ఆ రోజు కూడా వేళకే పాలు పితికి, వాడుకవాళ్ళకు పోసి పంపి, చేతులు కడుక్కుని జొన్నరొట్టెలు మూటగట్టడానికి కూర్చుంది. కొడుకు ప్రహ్లాద్ ప్రయాణం కట్టాడు.

మూటగట్టే చేతుల నిండా ఆకుపచ్చ గాజులు, నుదుట ఇంత కుంకుమ. ఆమె భర్త పెంటయ్య శ్రీశైలానికి కాలినడకన వెళ్ళి ఈ శివరాత్రికి పన్నెండేళ్ళు. మొక్కు తీర్చుకుని వస్తానని పోయినవాడు పోయినట్టే పోయాడు. శవం దొరకలేదు. ఫలానా చోట చూశామని చెప్పినవాళ్ళు కూడా లేరు. అందుకే ఆమె గాజులు తీయలేదు, తీయమనడానికి ఎవరికీ నోరు రాలేదు.

ప్రహ్లాద్ నయాపూల్ దగ్గర ఒక ఫోటో దుకాణంలో పనిచేస్తాడు. కొన్నేళ్ళ కిందట తల్లి అతన్ని అడిగింది. "మీ బాపు నడిచిన తొవ్వ నాకొక్కపారి చూపియ్యి బిడ్డా." ఆమె మోకాళ్ళు అంత దూరం నడవనివ్వవు కనుక అతనే కెమెరా భుజాన వేసుకుని బయలుదేరాడు. దుకాణం సాహెబ్ ఏడాదికొకసారే సెలవిస్తాడు, అదీ సణుక్కుంటూ. దాంతో తొవ్వను ముక్కలు ముక్కలుగా నడవాల్సి వచ్చింది. మొదటిసారి కల్వకుర్తి దాకా, మరుసటేడు అచ్చంపేట, ఆపైన ఉమామహేశ్వరం కొండ. ఎక్కడ ఆగితే మరుసటేడు మోటరు బస్సులో అక్కడికే వెళ్ళి, గుర్తుగా పెట్టిన రాయి దగ్గరినుంచే మళ్ళీ మొదలుపెట్టేవాడు. పోయినేడు అమ్రాబాద్ అడవిలోకి దిగి చలిజ్వరం తెచ్చుకున్నాడు. ఏడాదంతా అది చుట్టంలా వస్తూ పోతూనే ఉంది. ఇక మిగిలింది చివరి ముక్క, అడవిలోంచి కృష్ణ ఒడ్డున పాతాళగంగ దాకా.

అతని భార్య శారద నుదుటి మీద చెయ్యి వేసి చూసింది. "ఒళ్ళు కాలుతున్నది. గిట్ల పోయి అడివిల పడితే ఎవలు లేపుతరు నిన్ను?"

"మెల్లగ మాట్లాడు. అమ్మ ఇంటది."

"ఇననియ్యి."

రుక్మాబాయి విన్నది. విననట్టే మూట ముడి బిగించింది.

ఆ ఇంట్లో అందరికీ తెలిసినా పైకి అనని సంగతి ఒకటుంది. ప్రహ్లాద్ తెచ్చిన ప్రతి ఫోటోలోనూ తొవ్వ మీద, దూరంగా, ఒక తెల్లని మనిషి ఉంటాడు. వీపు ఇటు తిప్పి, అటు నడిచిపోతూ ఉంటాడు. ఫోటో తీసిన వేళ అక్కడ పిట్ట కూడా లేదని ప్రహ్లాద్ ఒట్టు పెట్టి చెప్తాడు.

ఫోటోలు మిద్దె మీద ఎండలో అచ్చువేసేవారు. చెక్క చట్రంలో కెమెరాతో బొమ్మ పట్టిన గాజుపలక, దాని కింద కాగితం పెట్టి ఎండకు ఉంచితే, కాగితం మెల్లమెల్లగా నల్లబడుతూ బొమ్మ తేలుతుంది. రుక్మాబాయి దాని పక్కనే కూర్చునేది. మధ్యమధ్య ప్రహ్లాద్ చట్రం వెనుక తలుపు కాస్త తెరిచి చూపిస్తుండేవాడు. చెట్లు నల్లబడేవి. రాళ్ళు నల్లబడేవి. తొవ్వ కూడా మసకబారేది. ఆ మనిషి ఒక్కడే తెల్లగా మిగిలేవాడు. నెత్తిన ఎండ మండుతుండగా ఆమెకు ఒళ్ళు జలదరించేది. మొదటిసారి "ఆయనే" అంది. తర్వాత అదీ అనడం మానేసింది. ఫోటో వచ్చిన రోజు మాత్రం కడుపునిండా అన్నం తినేది.

ఆమెకు భయమల్లా ఒక్కటే. ఆ మనిషి ఏటేటా చిన్నవాడవుతున్నాడు.

రొట్టెల మూట సంచిలోకి చేరకముందే పెంటయ్య తమ్ముడు కృష్ణయ్య లాల్‌దర్వాజా నుంచి వచ్చాడు. ఎవరింటికి వెళ్ళినా కూర్చోకముందే తీర్పు చెప్పేయడం ఆయన అలవాటు.

"వదినా, అయ్యగారిని అడిగొచ్చిన. మనిషి జాడ లేక పన్నెండేండ్లైతే దర్భబొమ్మ చేసి దహనం జేయాలెనట. శివరాత్రి దాటినంక మంచి దినముంది. అన్న ఆత్మకు ఇగ తిప్పలు వద్దు."

రుక్మాబాయి తలెత్తింది. "నడుస్తున్న మనిషికి నిప్పు వెడ్తవా కృష్ణయ్యా?"

"యాడ నడుస్తుండు వదినా?"

ఆమె లోపలికి వెళ్ళి ఫోటోలన్నీ తెచ్చి నేల మీద వరసగా పరిచింది. "చూడు. కల్వకుర్తి కాడ బొటనవేలంత ఉండె. అచ్చంపేటల గోరంత. ఉమామహేశ్వరం కాడ పెసరగింజంత. దూరమైతుండు. పోయినేటి పలకేమో శారద చేతిల్నుంచి జారి పగిలిపాయె. ఇప్పుడు అందుకోకపోతే గంగ దాటుతడు. దాటితే మల్ల దొర్కడు." కొడుకు వైపు తిరిగింది. "జర జల్ది నడువు బిడ్డా. ఎన్కనుంచి గట్టిగ పిలువు. ఇంటడు."

ఫోటోల మీదికి వంగిన కృష్ణయ్య మెల్లగా వెనక్కి జరిగాడు. ప్రహ్లాద్ సంచి భుజాన వేసుకున్నాడు. పళ్ళు టకటకలాడుతున్నాయి. గడప దాటబోయి కళ్ళు తిరిగి ద్వారబంధం పట్టుకున్నాడు.

శారద పరుగున వచ్చి అడ్డం నిలబడింది. "పోవద్దు. ఆ ఫోటోలల్ల ఉన్నది మామ కాదు. నా పెన్సిలు."

గాజుపలకల మీద మచ్చలను పెన్సిలుతో సరిదిద్దే పని ఆమెకు ప్రహ్లాదే నేర్పాడు. కిటికీ వెలుతురుకు పలక ఎత్తిపట్టుకుని ఆమె దుకాణం పని ఇంట్లోనే చేసేది. ఊళ్ళో ఎందరో పెద్దమనుషుల బుగ్గల మీది స్ఫోటకం మచ్చలు ఆమె చేతిలోనే మాయమయ్యాయి.

"కల్వకుర్తి పలక మీద దుమ్ము పడ్డ కాడ చుక్క లెక్క జాగ ఖాళీగ ఉండె. గట్లనే ఇడిస్తె కాయిదం మీద నల్లగ పడ్తది. అందుకని పూడ్చిన. నా చెయ్యి జర ఎక్కువ పడ్డది. పెన్సిలు ఎక్కువైతే తెల్లగొస్తది. చెరిపి మల్ల చేద్దామనుకునేలోపల నువ్వు 'ఆయనే' అన్నవ్ అత్తమ్మా. ఆ దినం నువ్వు కడుపునిండ తిన్నవ్." ఆమె నేల మీది ఫోటోలను చూపించింది. "అందుకే తర్వాత కూడ గట్లనే చేసిన. ఏటికేడు చిన్నగ జేసుకుంట వచ్చిన. ఒకనాటికి కనవడకుండ పోతడు, నీకు మెల్లగ అలవాటైతది అనుకున్న."

బయట బర్రె మెడ విదిలిస్తే గంట మోగింది.

"చిన్నగైతుండని నేనెంత ఏడ్చిన్నో ఎరికేనా నీకు?" రుక్మాబాయి అరవలేదు. అరిచినా బాగుండేది. "నన్నిడిసిపెట్టి పోతుండనుకున్న. గందుకే గదనే పిల్లా, జ్వరమొచ్చిన కొడుకును ఉరికిస్తున్న!"

"తప్పైంది అత్తమ్మా." శారద ఆమె కాళ్ళ మీద పడిపోయింది. ప్రహ్లాద్ భార్యను కోపంగా చూడబోయి, చూడలేక, గడపలోనే కూలబడ్డాడు.

కృష్ణయ్యకు ధైర్యం తిరిగొచ్చింది. "ఇగ లొల్లి లేదు గద. బొమ్మకు…"

రుక్మాబాయి చెయ్యెత్తి ఆపింది. ఒక ఫోటో తీసుకుని వేలితో తడిమింది. "ఒక్క మాట చెప్పు శారదా. మీ మామను నువ్వు చూడలే. బర్రె తొక్కిన కాలు ఆయనది. ఎడమకు ఒరిగి నడుస్తుండె. గట్ల దిద్దుమని నీకెవలు చెప్పిన్రు?"

శారద తలెత్తింది. "ఎవలు చెప్పలే. నేను ఒరిపి దిద్దలే. చుక్క ఎట్లుంటె అట్లనే పూడ్చిన."

"అన్ని పలకల మీద చుక్క ఉండెనా?"

"ఉండె. అన్నిట్ల తొవ్వ నడుమనే ఉండె. కల్వకుర్తి దానంత పెద్దగనే ఉండె. చుట్టూర తొవ్వ రంగుల కలిపి నేనే చిన్నగ జేసిన."

"బాపు కాలు సంగతి నేనెన్నడు చెప్పలే దీనికి," అన్నాడు ప్రహ్లాద్ నెమ్మదిగా. ఆ మాట ఎవరికి చెప్తున్నాడో అతనికే తెలియలేదు.

"పోయినేటి పలక నిజంగ పగిలిందా?" అడిగింది రుక్మాబాయి.

శారద లోపలికి వెళ్ళింది. బియ్యం గాబులో చెయ్యి పెట్టి గుడ్డ చుట్టిన పలక బయటికి తీసింది. "పగల్లే. దాచిన. దాన్ని ముట్టబుద్ధి కాలే అత్తమ్మా."

నలుగురూ మిద్దె ఎక్కారు. ప్రహ్లాద్ గొంగడి కప్పుకునే చట్రం బిగించి ఎండలో పెట్టాడు. మహంకాళి గుడి వైపు నుంచి గంటలు వినిపిస్తున్నాయి. కాసేపటికి అతను చట్రం వెనుక తెరిచాడు. అమ్రాబాద్ అడవి తేలుతోంది, చెట్లు రెండు పక్కలా తొవ్వ మీదికి వంగి ఉన్నాయి. ఇన్నేళ్ళు తెల్లని మనిషి నడిచినచోట ఇప్పుడు నల్లని మనిషి ఉన్నాడు. బొటనవేలంత. ఎడమకు ఒరిగి.

తీర్పులు చెప్పే కృష్ణయ్య పిట్టగోడ పక్కన చతికిలబడ్డాడు.

"దుమ్మే," అన్నాడు ప్రహ్లాద్. "కెమెరా పాతది. లోపల దుమ్ముంటది."

రుక్మాబాయి చాలాసేపు చూసింది. "దూరం పోలే. యాడికి పోలే. అడివిల్నే నిలవడ్డడు. అలిసిపోయిండు బిడ్డా… నేనే ఆగనిస్తలేను. గాజులేసుకోని ఈడ కూసోని, ఆ కుంటికాలుతోటి ఏటికేడు నడిపిస్తున్న." కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. పన్నెండేళ్ళలో ఆమె ఏడుపు ఆ ఇంట్లో ఎవరూ వినలేదు. శారద దగ్గరకు జరిగితే, తోసేయలేదు. భుజం మీద వాలిపోయింది.

ఏడ్చి ఏడ్చి కళ్ళు తుడుచుకుని, "కృష్ణయ్యా, ఆ దినం ఖాయం చెయ్యి," అంది. తర్వాత కొడుకుతో, "సంచి దించు. ఆయన కోసం నిన్ను పోగొట్టుకోను," అంది.

దర్భబొమ్మకు దహనమైన నాడు గాజులు తీయించడానికి వచ్చిన ఆడవాళ్ళను ఆమె దగ్గరికి రానివ్వలేదు. తానే ఒక్కొక్కటీ తీసి శారద చేతికిచ్చింది.

చివరి ముక్క మాత్రం మిగలనివ్వలేదు. కునైను మింగి మింగి ప్రహ్లాద్ కోలుకున్నాక, చలికాలంలో ముగ్గురూ కలిసి వెళ్ళారు. అతను ఆగిన రాయి దగ్గర రుక్మాబాయిని డోలీలో కూర్చోబెట్టారు. శారద పక్కనే నడిచింది. పాతాళగంగ దగ్గర దర్భబొమ్మ బూడిద నీళ్ళలో కలిపాక, ఒడ్డున తల్లిని ఒంటరిగా నిలబెట్టి ప్రహ్లాద్ ఆఖరి ఫోటో తీశాడు. అంతకుముందే కెమెరా విప్పి, మడత మడతా తుడిచాడు. దుమ్ము కణం కూడా మిగల్లేదని రెండుసార్లు చూసుకున్నాడు.

ఇంటికొచ్చాక శారద ఆ పలకను కిటికీ వెలుతురుకు ఎత్తిపట్టింది. పెన్సిలు తీసుకున్న చెయ్యి మధ్యలోనే ఆగింది.

"అత్తమ్మా… నీ పక్కన చుక్క ఉన్నది."

రుక్మాబాయి పాలగిన్నె కింద పెట్టింది. బోసి చేతిని ఇంకో చేత్తో పట్టుకుంది. "నడుస్తుండా?"

శారద కళ్ళు చికిలించి చూసింది. పలకను ఇటు తిప్పి, అటు తిప్పి మళ్ళీ చూసింది. "లేదత్తమ్మా. ఒరిగి కూడ లేడు. నిమ్మలంగ నిలవడ్డడు."

"మరి పూడ్వకు," అంది రుక్మాబాయి. "ఉండనియ్యి."

శారద పెన్సిలు కింద పెట్టేసింది.