ఏడో మలుపు దగ్గర గొంతు

కొండ మీద నుంచి దిగేటప్పుడు వచ్చే ఏడో మలుపు మంచిది కాదు. ఇది నా మాట కాదు, ఆ దారిన సైకిలు తొక్కే వాళ్లందరి మాట. చీకటుండగా అక్కడ ఒంటరిగా దిగితే రోడ్డు పక్క నుంచి ఒక గొంతు వినిపిస్తుందట. "ఇసుకా... ఎడమవైపు ఇసుకా..." అని. ఆగి చూస్తే ఎవరూ ఉండరు. లోయ, పొగమంచు — అంతే.

నాకు దెయ్యాల మీద నమ్మకం లేదు. కొండ కింద సైకిళ్లు బాగుచేసుకునే వాణ్ణి, పంక్చర్ల మీద తప్ప దేని మీదా నమ్మకం లేదు. అయినా మా షాపు గోడ మీద సుద్దతో గీసిన దారుల పటంలో ఆ మలుపు దగ్గర ఇంటూ గుర్తు పెట్టాను. ఆ గొంతు విన్న బ్యాంకు గుమాస్తా ఒకాయన ఓ ఆదివారం మా షాపు దాకా బ్రేకు వెయ్యకుండా వచ్చి పడ్డాడు మరి. అప్పట్నుంచి సగం మంది ఆ దారి మానేశారు. గుట్టల చుట్టూ తిరిగి పద్దెనిమిది కిలోమీటర్లు ఎక్కువ తొక్కుతున్నారు. ప్రాణం తీపి కదా.

వీళ్ల పద్ధతి చెప్పాలి. శనివారం సాయంత్రం కొండెక్కుతారు. పైన గెస్ట్ హౌస్‌లో పడుకుంటారు. ఆదివారం తెల్లారకముందే దిగిపోతారు — ఎనిమిదింటికల్లా ఇంట్లో లేకపోతే భార్యలు ఊరుకోరు. దిగేటప్పుడు ఒక నియమం. ముందున్నవాడు గుంటో ఇసుకో కనిపిస్తే వెనకవాడికి వినపడేలా అరవాలి. వెనకవాడు "విన్నా" అనాలి. ఆ మాట రాకపోతే ముందువాడు మళ్లీ అరవాలి. కోపాలున్నా, మాటల్లేకపోయినా ఇది మాత్రం తప్పకూడదు.

కిందటేడు వానల తర్వాత ఒక కుర్రాడు ఆ ఏడో మలుపులోనే ఇసుక మీద జారి లోయలో పడ్డాడు. సన్నగా ఉండేవాడు, అందరం బక్కోడనే పిలిచేవాళ్లం. అక్క మొగుడి వెంట తప్ప కొండెక్కేవాడు కాదు. ఆయనది బేకరీలో పని. వీడు 'బావా, బావా' అని పిలవడం చూసి మా షాపులో అందరికీ ఆయన బావగారైపోయాడు.

వీడి సైకిలు వెనక చక్రం ఫ్రీవీల్లో ఒక పల్లు అరిగింది. తొక్కడం ఆపితే చాలు — టిక్ టిక్... ఖాళీ... టిక్ టిక్... ఖాళీ. మార్చేస్తానురా అంటే ఒప్పుకునేవాడు కాదు.

"వద్దన్నా. ఈ చప్పుడు లేకపోతే నేను వెనకున్నానని బావకెలా తెలుస్తుంది?"

ఆ రోజు ముందు వెళ్లింది బావగారే. తను గట్టిగా అరిచాననీ, వాడు "విన్నా" అన్నాడనీ, విని కూడా లెక్కచెయ్యలేదనీ అందరికీ చెప్పాడు. మేమూ నమ్మాం. కుర్రతనం, దూకుడు... పోయినవాళ్ల మీద తప్పు తోసెయ్యడం మనకి ఎంతసేపు.

సైకిలు ఆయనే తెచ్చి ఇచ్చాడు. వంకర తీసి, చక్రాలు సరిచేసి కొక్కేనికి తగిలించాను. ఆ పల్లు మాత్రం మార్చడానికి చెయ్యి రాలేదు. ఏడాదైనా ఎవరూ తీసుకెళ్లలేదు.

మొన్న చలికాలంలో ఒక మధ్యాహ్నం వాడి అక్క వచ్చింది. ఆ సైకిలు కింద నిలబడి తలెత్తి చూసింది.

"అన్నయ్యా, అక్కడ గొంతు వినపడుతోందటగా. మా తమ్ముడిదేనా?"

"పిచ్చి మాటలు చెల్లెమ్మా. గాలి హోరు."

"గాలి 'ఇసుక' అంటుందా?"

చేతిలో ఉన్న పానా పక్కన పెట్టాను.

"వాడు పోయాక నేను ఏడవలేదన్నయ్యా. అందరూ నన్ను రాయి అన్నారు. నాకు వాడి మీద కోపం. చెప్తే వినలేదు. విన్నానని చెప్పి మరీ వినలేదు. వాణ్ణి నా చేతుల మీద పెంచాను. ఒక్కసారి ఆ గొంతు వినాలి. ఎందుకురా అలా చేశావని అడగాలి. అప్పుడు ఏడుస్తానేమో."

ఆవిడ కావాలన్నది ఆ సైకిలే. అక్కాతమ్ముళ్లిద్దరూ చిన్నప్పుడు ఒకే సైకిలు మీద నేర్చుకున్నవాళ్లు, తొక్కడం చేతనవుతుంది. బావగారికి చెప్పావా అని అడిగాను.

"ఆదివారాలు ఆయన తెల్లవారుజామున మూడింటికే బేకరీకి వెళ్లిపోతారు. తెలియనివ్వను."

కాదనలేకపోయాను. ఆ ఆదివారం చీకటితోనే సైకిల్ని నా పాత వ్యాన్‌లో ఎక్కించి కొండ మీదకి తీసుకెళ్లాను. ఏడో మలుపు దాటేటప్పుడు, దెయ్యాలంటే నమ్మకం లేని ఈ పెద్దమనిషి అద్దం పైకెత్తుకున్నాడని ఒప్పుకుంటాను.

ఆరో మలుపు దగ్గర దించాను. లైటు వద్దంది. రెండు చేతులూ బ్రేకుల మీద పెట్టి మెల్లగా వదిలింది. టిక్ టిక్... ఖాళీ... టిక్ టిక్... ఖాళీ... చప్పుడు మంచులోకి వెళ్లిపోయింది. ఏడాది తర్వాత ఆ చప్పుడు మళ్లీ ఆ కొండ మీద వినపడింది.

తర్వాతది ఆవిడ చెప్పగా విన్నదే.

మలుపు దగ్గరపడింది. ఏ గొంతూ లేదు. చక్రం చప్పుడొక్కటే. ఎడమ పక్క కల్వర్టు గోడ... దాని వెనక ఎవరో గబుక్కున ఊపిరి బిగబట్టినట్టు అనిపించింది.

తర్వాత చాలా చిన్నగా —

"బక్కోడా...?"

బ్రేకులు నొక్కుదామంటే వేళ్లు కదల్లేదు. చక్రం ఇంకా తిరుగుతోంది. టిక్ టిక్... ఖాళీ...

"ఒరేయ్... ఇసుకరా! ఎడమవైపు ఇసుకరా!"

గొంతు చీలిపోయేలా అరిచిన ఆ అరుపు పైన నాకూ వినపడింది. వ్యాన్ తలుపు పట్టుకుని అలాగే నిలబడిపోయాను.

ఎలా ఆగిందో తెలియదు, ఇసుకకి జానెడు దూరంలో ఆగింది. ఆలోచించేలోపే, తమ్ముడు ఇంట్లో కూడా ప్రతి మాటకీ అనే ఆ మాట ఆవిడ నోట్లోంచి గుసగుసగా వచ్చేసింది.

"విన్నా."

తర్వాత గోడ వెనక నుంచి ఏడుపు. మగవాళ్లు నోరు మూసుకుని ఏడిస్తే వచ్చే ఏడుపు.

"ఆ రోజు నేను అరవలేదురా... ముందురోజు పైన టీ దగ్గర అందరి ముందూ నా బొజ్జ మీద జోకు వేశావని కోపం. బన్నులన్నీ నేనే తింటున్నానని అన్నావు. రాత్రంతా నీతో మాట్లాడలేదు. పొద్దున కూడా... ఇసుక చూశాను. నేను తప్పుకున్నాను. నీ చక్రం చప్పుడు నా వెనకే వినపడుతోంది. నోరు తెరవలేదురా. నువ్వు పడతావనుకోలేదు. కొంచెం జారితే బుద్ధొస్తుందనుకున్నా... మీ అక్కకి అబద్ధం చెప్పాను. విని కూడా లెక్కచెయ్యలేదని నీ మీద చెప్పాను."

పద్నాలుగేళ్లుగా ఒకే ఇంట్లో వింటున్న గొంతు. మొదటి అరుపుకే ఆవిడ పోల్చుకుంది. బేకరీలో ఉండాల్సిన మనిషి, ఏడాదిగా ప్రతి ఆదివారం చీకట్లో ఆ గోడ వెనక కూర్చుని, దిగే ప్రతి చక్రానికీ ఆ ఒక్క మాటా అరుస్తున్నాడు. ఆ రోజు అరవని మాట.

"అరిచి ఉంటే ఆగేవాడివి కదరా?" అన్నాడు చీకట్లోకి. "ఒక్కసారి చెప్పు. అరిచి ఉంటే ఆగేవాడివి కదా?"

ఆవిడ సైకిలు దిగింది.

"ఆగేవాడండీ," అంది. "మీరేం చెప్పినా వినేవాడు."

గోడ వెనక నుంచి ఆయన బయటికి రాలేదట. సైకిలు నెట్టుకుంటూ వెనక్కి ఎక్కి వచ్చింది. ఆ టిక్ టిక్ చప్పుడుతో మంచులోంచి తెల్లగా మనిషి వస్తుంటే నా పై ప్రాణాలు పైనే పోయాయి. "దెయ్యం లేదన్నయ్యా, మా ఆయనే," అని వ్యాన్‌లో కూర్చుని, జరిగిందంతా చెప్పింది. చెప్పడం అయ్యాక అడిగాను.

"వెళ్లి ఆయన్ని తీసుకొద్దామా చెల్లెమ్మా?"

"ముందు నా తమ్ముడి కోసం ఏడవనివ్వండి."

ఏడ్చింది. ఏడాది బాకీ పడ్డ ఏడుపు. వాడి పేరు పెట్టి పిలిచింది, "నిన్ను అనవసరంగా తిట్టుకున్నానురా నాన్నా" అంది. నేను స్టీరింగు పట్టుకుని అద్దంలోంచి బయటికి చూస్తూ ఉండిపోయాను. నాకు మాత్రం ఆగిందా?

కొంచెం తెలుపు వస్తుండగా పైనుంచి ఇద్దరు కుర్రాళ్లు మమ్మల్ని దాటి దిగారు, ఈ మలుపు సంగతి తెలియని కొత్తవాళ్లు. వాళ్లు కనుమరుగయ్యారో లేదో, కింద నుంచి బొంగురుపోయిన గొంతు —

"ఇసుకా... ఎడమవైపు ఇసుకా..."

ఆవిడ ఏడుపు ఆపి వింది. కొంగుతో ముఖం తుడుచుకుంది. ఆయన్ని తిడుతుందేమో అనుకున్నాను. తిట్టే హక్కు ఉంది కూడా.

"ఇంత చలిలో మఫ్లరు కూడా ఇంట్లోనే వదిలేసి వచ్చారు," అంది. నాకేసి తిరిగి, "వ్యాన్ కిందికి పోనివ్వండన్నయ్యా," అంది.