పైపు మీద చప్పుడు

ఐసు ఫ్యాక్టరీ వెనక కాలువ గట్టుకి రెండేళ్ల నుంచీ చెడ్డపేరు. పొద్దుగూకాక అటు వెళ్లొచ్చినవాళ్లు రెండు సంగతులు చెప్పేవాళ్లు. మొదటిది చప్పుడు. టంగ్... టంగ్... టంగ్... అని, కాలువ అడుగున ఎవరో కూర్చుని ఇనుము మీద కొడుతున్నట్టు. రెండోది అవతలి గట్టున కనిపించే తెల్లటి ఆకారం. అది చేతులెత్తి ఊపుతుంది. నోరు తెరుస్తుంది గానీ గొంతు రాదు. ఊపిరి మాత్రం వస్తుంది.

పాల ప్యాకెట్లు వేసే మనిషి ఒకడు సైకిలు అక్కడే వదిలేసి పరిగెత్తాడట. మర్నాడు పట్టపగలు దాన్ని తెచ్చుకోవడానికి కూడా ఇద్దర్ని తోడు తీసుకెళ్లాడట.

ఈ కబుర్లు విని పడీపడీ నవ్విన మనిషి ఒక్కరే... స్కేలు మాస్టారు.

ఆయన హైస్కూల్లో లెక్కలు చెబుతారు. ఆ పేరు పెట్టింది పిల్లలు కాదు, మ్యాపు వాళ్లు. ఊళ్లో పదిహేను మంది దాకా ఆదివారం ఆదివారం లైబ్రరీ మేడ మీద చేరతారు. వీధి వీధీ తిరిగి కుళాయిలూ, సందులూ, మందుల షాపులూ, మెట్లూ అన్నీ ఫోన్లో గుర్తుపెట్టుకొచ్చి, అందరూ ఉచితంగా వాడుకునే మ్యాపులో ఎక్కిస్తారు. జీతం లేదు, భత్యం లేదు. అదో పిచ్చి. వాళ్లందరి తప్పులూ పట్టేది మాస్టారే. ఎవరైనా ఓ సందుని పది గజాలు పక్కకి గీస్తే చాలు, ఆ వారమంతా వాళ్లకి నిద్రుండదు.

ఆ ఆదివారం, గుంపుకి పెద్దదిక్కయిన మందుల షాపావిడ ఫోన్ చూసి మొహం అదోలా పెట్టింది.

"మాస్టారూ, కాలువ గట్టు దగ్గర ఎవరో మ్యాపు మీద చీటీ పెట్టారండీ. 'రాత్రిపూట ఇటు రావద్దు. అవతల ఆడమనిషి నిలబడి ఉంటుంది' అని."

"దెయ్యానికి మన దగ్గర గుర్తు లేదే. చెట్టు బొమ్మ పెట్టేద్దామా?" అన్నారు మాస్టారు. అందరూ నవ్వారు.

"నవ్వులకేం గానీ, ఎవరైనా వెళ్లి చూడాలిగా."

గదిలో ఒక్కరూ తలెత్తలేదు. మాస్టారే కళ్లజోడు తుడుచుకుని, "నేను వెళ్తాను. రాత్రి సంగతి రాత్రే చూడాలి," అన్నారు.

మర్నాడు రాత్రి ఎనిమిదింటికి బయల్దేరుతుంటే భార్య గుమ్మం దగ్గర ఆపింది. "ఈ వయసులో దెయ్యాలతో ఏం పనండీ?"

"నీతో ముప్ఫయ్యేళ్లు వేగినవాణ్ణి. నన్నేం చేస్తుందే?" అని చెప్పులేసుకున్నారు.

ఐసు ఫ్యాక్టరీ గోడ దాటేదాకా వీధి దీపాలున్నాయి. ఆ తర్వాత లేవు. గోడ వారగా కాలిబాట... రెండు పక్కలా మోకాలెత్తు గడ్డి. చేతిలో ఫోన్ వెలుగుతోంది. మ్యాపులో చుక్కల గీత తిన్నగా కాలువ దాకా వెళ్లి, చిన్న వంతెన మీదుగా కాలువ దాటి, అవతలి కాలనీలో తేలుతోంది. మాస్టారు దాన్నే చూస్తూ నడుస్తున్నారు.

టంగ్.

ఆగారు.

టంగ్... టంగ్...

చెవులకంటే ముందు అరికాళ్లకి తెలిసింది ఆ చప్పుడు. నేల అదురుతోంది. ఎక్కడో ఏదో మోటారు అయ్యుంటుందని తనకు తాను చెప్పుకున్నారు. ఇంకో పదడుగులు వేశారు. నీళ్ల వాసన తగిలింది. ఫోన్లో నీలం చుక్క సరిగ్గా వంతెన మొదట్లో ఉంది. ఎదురుగా చీకట్లో పొడుగ్గా, నల్లగా, అవతలికి వెళ్తున్నదేదో లీలగా కనిపిస్తోంది. వంతెనే అనుకున్నారు.

కాలు ఎత్తారు.

అవతలి గట్టున తెల్లటిది లేచి నిలబడింది.

చేతులు రెండూ పైకి... కిందికి... పైకి. మాస్టారికి వెనక్కి తిరగాలనుంది, ఒళ్లు తిరగడం లేదు. ఎత్తిన కాలు ఎత్తినట్టే ఉండిపోయింది. అప్పుడు గాలిలోంచి, గొంతు లేని మాట...

"వెయ్యకు... అడుగు వెయ్యకు..."

బొటనవేలు తగిలి ఫోన్లో టార్చి వెలిగింది. వెలుగు కాళ్ల ముందు పడింది.

అక్కడ వంతెన లేదు. నీళ్ల పైపు ఉంది. మనిషి నడుమంత లావున, గుండ్రంగా, నాచు పట్టి నిగనిగలాడుతూ కాలువ మీదుగా అవతలికి పోతోంది. కింద రెండు నిలువుల లోతున నల్లటి నీళ్లు.

మాస్టారు గడ్డిలో కూలబడ్డారు.

టార్చి అవతలికి తిప్పితే యాభై అయిదేళ్ల ఆడమనిషి. ఒక చేతిలో తెల్లటి తువ్వాలు, ఇంకో చేతిలో పైపులు బిగించే పెద్ద రెంచి. వెనక పంపుహౌసు. కాలువ ఏడెనిమిది గజాలే. చెవి పెట్టి వింటే ఆవిడ గుసగుస అందుతోంది.

"భయపడ్డావా నాయనా. గొంతులో గడ్డ తీసేశారు. అప్పట్నించీ అరవలేను. అందుకే పైపు మీద కొడతాను."

"ఇక్కడెందుకున్నావమ్మా?"

"పంపుహౌసులో డ్యూటీ. నీలాంటివాళ్లు వస్తున్నారుగా... ఫోన్లో వంతెన ఉందంటూ. కనిపెట్టుకుని ఉండాలి." కాసేపు ఊపిరి తీసుకుంది. "మొదట ఒక దర్జీ వచ్చాడు. కొత్తగా కాలనీలో దిగాడంట, దారి తెలీదు. నా కళ్ల ముందే జారాడు. కేకెయ్యడానికి నాకు గొంతు లేదు. వెదురుగడ అందించాను, పట్టుకోలేకపోయాడు. జారుతుంటే కుడిచెయ్యి పైపు కొక్కెంలో ఇరుక్కుపోయింది... నేను పైపు మీద కొడితే జనం వచ్చేదాకా అలాగే వేలాడాడు. ఆ చెయ్యి ఇక లేవలేదు. అప్పట్నించీ ఆరున్నరకల్లా ఇక్కడ కూర్చుంటాను. కొందరు ఆగుతారు, కొందరు నన్ను చూసి పారిపోతారు. ఏదైనా ఫర్వాలేదు, నీళ్లలో పడకపోతే చాలు."

మాస్టారికి కోపం ముంచుకొచ్చింది. ఏ అడ్డగాడిద చేసిన పని ఇది? పైకి మాత్రం, "ఎవరు గీశారో ఇప్పుడే తేలుస్తానమ్మా. మ్యాపులో అన్నీ రాసి ఉంటాయి," అన్నారు.

నిజమే. ఆ మ్యాపులో ఏ గీత ఎవరు గీశారో, ఏ రోజు గీశారో అన్నీ ఉంటాయి. వంతెన మీద వేలు పెట్టారు. పాత వివరాలు తెరుచుకున్నాయి.

అక్కడున్నది ఆయన పేరే.

రెండేళ్ల కిందటి తేదీ. వేసవి సెలవులు. ఎవరు ఎక్కువ దారులు గీస్తారో చూద్దామని గుంపులో పందెం వేసుకున్న వారం. ఇంట్లో ఫ్యాను కింద కూర్చుని, ఆకాశంలోంచి తీసిన ఫొటోలు చూస్తూ నాలుగొందల దారులు గీశారు. గెలిచారు కూడా. అందులో ఒకటి, కాలువ మీద అడ్డంగా కనిపించిన బూడిదరంగు గీత.

"తెలిసిందా నాయనా?" అవతల్నించి గుసగుస.

మాస్టారు ఫోన్ ఆర్పేశారు. చీకట్లో మొహం కనిపించదని తెలిసి కూడా తల దించుకున్నారు.

"లేదమ్మా... తెలియట్లేదు."

ఇంటికెళ్లి, భార్య పడుకున్నాక, వంతెన చెరిపేశారు. దొంగతనంగా చేసినట్టే ఉంది ఆ పని.

ఆదివారం మందుల షాపావిడ నలుగురి ముందూ చెప్పింది. "మాస్టారు ప్రాణాలకి తెగించి వెళ్లారు. లేని వంతెన పట్టుకున్నారు. ఎవరు గీశారో గానీ..." అని ఆగింది. ఆవిడ ఫోన్లో కూడా ఆ పాత వివరాలు ఉంటాయి. చూసిందో లేదో ఆయనకి తెలియలేదు. అందరూ చప్పట్లు కొట్టారు. మాస్టారు చెప్పాలనే లేచారు. లేచి, మంచినీళ్లు తాగి, కూర్చున్నారు.

ఆ సాయంత్రం ఆగలేక మళ్లీ గట్టుకి వెళ్లారు. వంతెన చెరిపేశానుగా, ఇంక చప్పుడు ఉండదనుకున్నారు. ఐసు ఫ్యాక్టరీ గోడ దాటారో లేదో...

టంగ్... టంగ్...

ఎవరో ఇద్దరు ఆడపిల్లలు ఎదురు పరిగెత్తుకొచ్చారు. "అటు వెళ్లకండి అంకుల్, ఎవరో ఉన్నారక్కడ," అంది ఒకమ్మాయి ఆయాసపడుతూ. ఆమె చేతిలో ఫోన్ వెలుగుతోంది. అందులో ఎప్పుడో దింపుకున్న పాత మ్యాపు. కాలువ మీద వంతెన అలాగే ఉంది. ఇలాంటివి ఎన్ని ఫోన్లలో ఉన్నాయో ఆయనకి లెక్క అందలేదు.

గట్టు అంచున నిలబడి ఈసారి దాచుకోలేదు.

"అమ్మా, ఆ వంతెన గీసింది నేనే. మొన్న అబద్ధం చెప్పాను."

అవతల రెంచి కింద పెట్టిన చప్పుడైంది.

"ఆ దర్జీకి చెప్పావా?"

"లేదమ్మా."

"మరి నాకెందుకు చెబుతున్నావు."

తిట్టినా బాగుండేదనిపించిందాయనకి.

మర్నాడు బడి వదిలాక కాలనీకి మూడు కిలోమీటర్లు చుట్టూ తిరిగి వెళ్లారు. దర్జీ కొట్టు మెట్ల కింద ఒంటి గది. మిషన్ మీద గుడ్డ కప్పి ఉంది. నలభై ఏళ్ల మనిషి స్టూలు మీద కూర్చుని చొక్కాకి బొత్తాం కుడుతున్నాడు. కుడిచెయ్యి ఒళ్లో పెట్టినట్టు పడి ఉంది. చొక్కాని మోకాళ్ల మధ్య బిగించి ఎడంచేత్తో సూది గుచ్చుతున్నాడు.

"రండి సార్. కొత్తవి కుట్టడం మానేశాను. చిన్న చిన్న రిపేర్లయితే చేస్తాను."

మాస్టారు కూర్చోలేదు. గుమ్మంలో నిలబడే చెప్పారు. ఫొటో సంగతి, పందెం సంగతి, దొంగతనంగా చెరిపేసిన సంగతి. దర్జీ సూది ఆపి విన్నాడు. మొహంలో కోపం వస్తుందేమోనని మాస్టారు చూశారు. రాలేదు.

"ఎంతసేపు పట్టింది సార్, అది గీయడానికి?"

మాస్టారికి అబద్ధమాడే ఓపిక లేదు.

"అర నిమిషం కూడా పట్టలేదు."

దర్జీ తలూపాడు. చొక్కా మళ్లీ మోకాళ్ల మధ్య సర్దుకుని, దారం కొస పళ్లతో పట్టుకున్నాడు.

"ఒక్క బొత్తాం కుట్టడానికి నాకు పావుగంట పడుతుంది," అన్నాడు, ఎవరో అడిగితే చెప్పినట్టు.

సూది గుడ్డలోకి దిగింది. జారింది. మళ్లీ దిగింది.

మాస్టారు ఆ పావుగంటా గుమ్మంలోనే నిలబడి ఉన్నారు.