నాలుగు నిమ్మకాయలు, రెండు కార్లు

ఇంజనీర్ చక్రపాణి చావడానికి నాలుగు నిమిషాలు పట్టింది. నోవై ఊరి దగ్గర ఫ్రీవే మీద అతని లగ్జరీ సెడాన్ తనంతట తానే డోర్లు లాక్ చేసుకుని, నూట ముప్ఫై మైళ్ల స్పీడందుకుని, ఆగి ఉన్న ట్రక్కులోకి దూసుకుపోయింది. చివరిదాకా సీటు అతని నడుముకి మసాజ్ చేస్తూనే ఉంది.

గూఢచారి ఏజెన్సీ చీఫ్ లీల రెండు ముక్కల్లో చెప్పింది. ఆ మోడల్ సాఫ్ట్‌వేర్‌లోకి ఒక విదేశీ ముఠా దొంగదారి పెట్టింది. దాన్ని మూయగల ఇంజనీర్ ఇక ఒక్కడే, వెంకటేశ్వర్లు. సోమవారం దాన్ని మూసేదాకా అతను బతక్కపోతే రెండు లక్షల కార్లు ముఠా చేతికి పోతాయి.

ఆ వెంకటేశ్వర్లు అదే మోడల్ కొన్నాడు. శనివారం పదిన్నరకి వాహనపూజ. వాయిదా వేయమంటే వినలేదు. "ముహూర్తం పెట్టించానండీ. నా కార్ నేనే ప్యాచ్ చేసుకున్నాను," అన్నాడు. చదువుకున్నవాడి మొండితనానికి మందు లేదు.

గుడి పార్కింగ్ లాట్‌లో ఏజెంట్ ఫణి తన 1970 నాటి మజిల్ కార్‌లో కాపలా కూర్చున్నాడు. అందులో ఒక్క చిప్ కూడా లేదు. ఏజెన్సీ ఇచ్చిన గాడ్జెట్ అదే. పక్కనే అదే మోడల్ తెల్ల సెడాన్ ఆపి, పట్టుచీర సర్దుకుంటూ నమ్రత దిగింది. ముఠాలో ఉంటూ ఏజెన్సీకి కబుర్లు మోసే డబుల్ ఏజెంట్. దాడి సోమవారం ఫ్రీవే మీదేనని చెప్పింది ఆమే.

"ఈ డబ్బాలో హీటర్ అయినా ఉందా? నా సీట్ మసాజ్ చేస్తుంది తెలుసా?"

"నా కార్‌కి తాళంచెవి ఉంది," అన్నాడు ఫణి.

పూజారి బానెట్‌కి బొట్టు పెట్టి, నాలుగు చక్రాల కింద నిమ్మకాయలు పెట్టాడు. కార్ ఆన్‌లోనే ఉంది. ఎవరో ఫొటో అన్నారు. వెంకటేశ్వర్లు, భార్య, ఆరేళ్ల కూతురు ఆద్య బానెట్ ముందు నిలబడ్డారు. ఫొటో అంటే అందరికంటే ముందుండే నమ్రత మాత్రం ఫోన్‌లో ఏదో నొక్కుతూ కారు వెనక్కి నడిచింది.

ఫణి తాళం తిప్పాడు. చలికి ఇంజన్ రెండుసార్లు దగ్గి ఆగింది. అవతల నిమ్మకాయలు చిట్లాయి. మూడోసారి ఇంజన్ గర్జించింది. మజిల్ కార్ వెంకటేశ్వర్లు సెడాన్ పక్కటెముకల్లో గుద్ది, దాన్ని మంచుగుట్టలోకి నెట్టేసింది. బంపర్ ఆద్య గౌనుకి జానెడు దూరంలోంచి పోయింది.

నమ్రత పరుగెత్తి తన సెడాన్ ఎక్కింది. డోర్లు లాకయ్యాయి. ఆమె స్టీరింగ్ తిప్పింది. కారు వినలేదు, దానంతట అదే మెల్లగా కదిలింది. పని చెడగొట్టినవాళ్లని ముఠా ఉంచుకోదు.

ఫణి టైర్ రాడ్ తీసుకుని పక్కనే నడిచాడు.

"అద్దం పగలగొట్టు ఫణీ, ప్లీజ్."

"ఎక్కణ్ణుంచి నడుపుతున్నారు?"

"బాతెల్ ఊళ్లో. మా ముఠా మనిషి విశ్వనాథం గరాజ్‌లోంచి."

ఫణి రాడ్ ఎత్తాడు. చక్రపాణి గుర్తొచ్చాడు. రాడ్ దించేశాడు.

"మసాజ్ ఆన్ చేసుకో," అన్నాడు.

సెడాన్ ఫ్రీవే వైపు తిరిగింది. అతను లీలకి ఫోన్ చేసి అడ్రస్ చెప్పాడు.

"టీమ్ బయల్దేరుతోంది. నమ్రత ఏది?"

ఫణి వాచీ చూసుకున్నాడు.

"ఇంకో మూడు నిమిషాలు ఉంది మేడమ్."