రోవర్స్‌కు కొత్త మేనేజర్

స్టోర్ రూమ్ తలుపుకు బయట గడియ పెట్టి ఉంది. లోపల కోచ్ దేవదానం చనిపోయి ఉన్నాడు.

2004 జూలై. శనివారం, సాయంత్రం ఏడు. బెంగళూరు, మహదేవపుర రోవర్స్ ఫుట్‌బాల్ క్లబ్ గ్రౌండ్.

గోల్‌పోస్టుల ఇనప పైపులు గోడవారన పేర్చి ఉన్నాయి. వాటి పక్కనే శవం. నుదుటి మీద గాయం. ఒక పైపు చివర రక్తం. తల కింద మడతపెట్టిన జెర్సీ.

ఎస్సై మహబూబ్ బాషా ఆ జెర్సీని కాసేపు చూశాడు. ఆయనది బాగేపల్లి. ఇంట్లో ఉర్దూ, ఊళ్లో తెలుగు, స్టేషన్‌లో కన్నడ.

"గడియ తీసిందెవరు?"

"నేనే సార్." మేస్త్రీ తిరుపాలు ముందుకొచ్చాడు. అనంతపురం వైపు మనిషి. రోవర్స్ అభిమానులకు పెద్ద. "ఆ సొన్నమ్మ చేసిన పని సార్ ఇది. ఆయప్పను లోపలేసి గడియ పెట్టి పారిపోతా ఉండింది. చీరకు రక్తం చూసి మెయిన్ రోడ్డులో పట్టుకుంటిమి, వచ్చి గడియ తీస్తే ఇది."

సొన్నమ్మ గ్రౌండుకు నీళ్లు పడుతుంది, జెర్సీలు ఉతుకుతుంది. ముందురోజే ఆమె మేకలు గోల్ దగ్గర గడ్డి మేశాయని దేవదానం అందరి ముందూ కేకలేశాడు. మోటివ్ అంటే అదే. అంతకన్నా చిన్న కోపాలకు కూడా హత్యలు జరిగిన సంగతి బాషాకు తెలుసు.

బాషా సొన్నమ్మ వైపు తిరిగాడు.

"ఏం జరిగిందమ్మా?"

"ఎద పట్టుకొని పడిపాయ సార్. పైపు తగిలె. నేను గేటు కాడికి ఉరికి, రోడ్డవతల టీ అంగట్లో ఉండే వీళ్లకు కేకేస్తి. అందరూ లేచిరి, చేతులెత్తిరి. వస్తా ఉండారనుకొని మళ్లా లోపలికి పోతి. ఒక్కరూ రాలా."

"గడియ ఎందుకు పెట్టావు?"

"ఆటో కోసరం రోడ్డుకు పోతా పెడితి. రక్తం వాసనకు కుక్కలొస్తాయని."

"పచ్చి అబద్ధం సార్!" తిరుపాలు గొంతు లేచింది. "కోచ్‌కు బాగలేదని ఈమె మాకు చెప్పనే లేదు."

"నేనూ టీ అంగట్లోనే ఉన్నాను సార్," అన్నాడు పక్కనున్న అభిజిత్. విజయవాడ నుంచి వచ్చిన సాఫ్ట్‌వేర్ ఇంజనీరు. ఉద్యోగం వైట్‌ఫీల్డ్‌లో. "మేనేజర్ గారికి హెల్త్ ప్రాబ్లమ్ అని ఎవరూ చెప్పలేదు. ప్రామిస్."

టీవీలో ఇంగ్లీషు లీగ్ చూసి, కోచ్‌ను మేనేజర్ అనాలని ఈ జనానికి నేర్పింది ఇతనే. అంతకుముందు వాళ్లకు మేనేజర్ అంటే బ్యాంకులో అద్దాల గదిలో కూర్చునేవాడు.

పోస్ట్‌మార్టం రిపోర్టు ఆదివారం వచ్చింది. గుండెపోటు. పడిన తర్వాత దాదాపు గంటసేపు ప్రాణం ఉంది.

"వెంటనే ఆసుపత్రికి తెచ్చుంటే?" బాషా అడిగాడు.

"బతికేవాడేమో," అన్నాడు డాక్టర్. "కానీ తనంతట తనే పడ్డాడా, ఎవరైనా తోశారా, అది నేను చెప్పలేను."

అంటే ముడి మొత్తం ఒక్కచోటే ఉంది. సొన్నమ్మ కేకేసిందా, లేదా? వేయకపోతే, ప్రాణమున్న మనిషిని గదిలో పెట్టి గడియ వేసినట్టే. జైలు తప్పదు. టీ అంగట్లో ఉన్న ఎనిమిదిమందీ ఆమె అలాంటిదేమీ చెప్పలేదని ఒకే మాట మీద ఉన్నారు. పైనుంచి ఫోన్లు మొదలయ్యాయి. అరెస్టు ఎప్పుడు?

సోమవారం పొద్దున బాషా మఫ్టీలో టీ అంగడికి వెళ్లాడు. దేవదానాన్ని పూడ్చి ఇంకా ఒక రోజైనా కాలేదు. అక్కడ సభ మాత్రం నిండుగా ఉంది.

"కొత్త కోచ్‌గా గోవా ఆయన వస్తే బాగుంటాదప్పా."

"రాడంట. కేరళ ఆయనే ఖాయం."

"ఆయన డిఫెన్సు తప్ప ఏమీ ఆడించడు. సున్నా సున్నా డ్రా చూసేకి నేను టికెట్టు కొనాల్నా?"

"నువ్వు టికెట్టు ఎప్పుడు కొన్నావప్పా? గోడెక్కి చూసేటోడివి!"

అందరూ నవ్వారు. అభిజిత్ పేపర్ పక్కన పెట్టాడు. "కొచ్చిలో ఒక బ్రెజిలియన్ ఉన్నాడు. నిన్ననే ఈమెయిల్ పెట్టా."

"తెలుగొస్తాదా?"

"రాదు."

"కన్నడం?"

"ఫుట్‌బాల్‌కి భాష ఎందుకండీ?"

బాషాకు ఒళ్లు మండింది. చచ్చిపోయిన మనిషి కుర్చీ ఇంకా చల్లారలేదు, వీళ్లు దాన్ని ఎవరికి వేయాలా అని కొట్టుకుంటున్నారు. కోపంతో తల వంచుకుంటే కాళ్ల దగ్గర ఎర్రటి కాగితం ముక్కలు కనబడ్డాయి. మురికికాలువ పొడుగునా అవే.

సరం టపాకాయల కాగితాలు. జూలైలో దీపావళి ఏమిటి?

సభ పలచబడ్డాక అంగడి నడిపే భాగీరథమ్మను అడిగాడు.

"శనివారం సాయంత్రం కాల్చినారు సార్. మ్యాచ్‌లన్నీ ఓడిపోతా ఉండారని, వారం నుంచీ నా అంగట్లోనే దాచిపెట్టినారు, కోచ్ పోతే కాల్చాలని. రోజంతా ఆ పంచాయితీనే. తాగేది మాత్రం బై టూ టీ, ఇద్దరికి ఒకటి."

"కాల్చి ఏం చేశారు?"

"మెరవణిగె పోయినారు, ఊరేగింపుగా డ్యాన్సు చేసుకుంటా. నాకూ ఆ మోతలో ఏమీ ఇనబడలా."

బాషా క్లబ్ సెక్రటరీకి ఫోన్ చేశాడు. "శనివారం మీరు కోచ్‌ను తీసేశారా?"

"లేదే! మంగళవారం మీటింగ్ అనుకున్నాం. ఎవరికీ ఏమీ చెప్పలేదు."

కమిటీ చెప్పలేదు. మరి కోచ్ పోతున్నాడని వీళ్లకు చెప్పిందెవరు?

ఆ సాయంత్రం బాషా అందరినీ స్టోర్ రూమ్ ముందుకు పిలిపించాడు. తిరుపాలు, అభిజిత్, మిగిలిన అభిమానులు. మహిళా కానిస్టేబుల్ పక్కన సొన్నమ్మ. కొంచెం దూరంగా దేవదానం భార్య మార్త, కుర్చీ వేసినా కూర్చోలేదు.

"శనివారం టపాకాయలు ఎందుకు కాల్చారు?"

మార్త తలెత్తి చూసింది.

"మేనేజర్ వెళ్లిపోతున్నారని న్యూస్ వచ్చింది సార్," అన్నాడు అభిజిత్, నేల చూస్తూ.

"ఎక్కడినుంచి?"

"తిరుపాలు చెప్పాడు."

"తిరుపాలూ, నీకెవరు చెప్పారు?"

"సొన్నమ్మే సార్. గేటు కాడినుంచి అరిసింది. ఆఫీసు రూము ఊడ్చేది ఆమే గదా, లోపలి సంగతి తెలిసుంటాదనుకుంటిమి."

"ఏమీ చెప్పలేదన్నావే?"

"బాగలేదని చెప్పలేదంటిని సార్. అది నిజమే గదా."

"ఏమని అరిచింది? ఆ మాట ఉన్నదున్నట్టు చెప్పు."

"కోచప్ప పోతా ఉండాడు, రాండప్పా..."

ఆ మాట తనకే ఇప్పుడు వినబడినట్టు తిరుపాలు సొన్నమ్మ వైపు చూశాడు.

బాషా దగ్గరికి వెళ్లాడు. "మీ నాయన ఉన్నాడా?"

"లేడు సార్. ఊర్లో... పోయినాడు."

"ఆ పొద్దు మీయమ్మ వాకిట్లో నిలబడి ఏమని కేకేసింది?"

మేస్త్రీ చేతులు రెండూ ఒకదాన్నొకటి నలుపుకుంటున్నాయి.

"ఇదే మాట సార్."

"మరి ఆ పొద్దు పరిగెత్తావా, టపాకాయలు కాల్చావా?"

తిరుపాలు ఏడ్చాడు. బాషాకు జాలి కలగలేదు.

"నేను మొదటి రోజే అడగాల్సిన ప్రశ్న ఇది. సొన్నమ్మ కేకేసింది. మీరు విన్నారు. పోవాలి పోవాలి అని వారమంతా కూర్చున్నవాళ్లకు, పోతా ఉండాడంటే ఒక్క అర్థమే తోచింది. లేచారు, చేతులెత్తారు, మెరవణిగె పోయారు. వస్తున్నారనుకొని ఆమె లోపల ఎదురుచూసింది. చంపాలనుకున్న మనిషి తల కింద జెర్సీ మడిచి పెడుతుందా?"

"కానీ సార్," అన్నాడు అభిజిత్, "ఆమె క్లియర్‌గా చచ్చిపోతున్నాడు అని చెప్పి ఉండాల్సింది. ఇది కమ్యూనికేషన్ గ్యాప్."

బాషా చెయ్యి లాఠీ మీదికి పోయింది. అంతలో సొన్నమ్మ నోరు తెరిచింది.

"బతికుండే మనిషిని పట్టుకొని ఆ మాట ఎట్లంటానప్పా?"



"సొన్నమ్మా, నువ్వు ఇంటికి పో. కేసు లేదు." బాషా మిగిలినవాళ్ల వైపు తిరిగాడు. "మీ మీద వేయడానికి నా దగ్గర సెక్షన్ లేదు. ఉంటే ఒక్కణ్ణీ వదిలేవాణ్ణి కాదు."

మార్త మెల్లగా నడిచి సొన్నమ్మ దగ్గరికి వచ్చింది. ఆమె చెయ్యి పట్టుకుంది.

"ఆ టపాకాయల శబ్దం ఆయనకు వినబడిందా?"

"వినబడిందమ్మా. కండ్లు తెరిసె."

"ఏమన్నా మాట్లాడినాడా?"

"గెలిచినామా సొన్నమ్మా, అని అడిగె."

"నువ్వేమంటివి?"

"గెలిచినామంటినమ్మా."