లక్కలో నిలిచిన కూత

గౌరీశ్వరి కొయ్యముక్కను శ్రవణపీఠం మీద నిలబెట్టి, సూదికాంతిని దాని నడుముకు దించింది. పొద్దుటి నుంచి ఇది నాలుగో వస్తువు. అంతకుముందు ఒక సత్తు క్యారేజీ, కిటికీకి కట్టిన నల్లదుప్పటి, పసిపిల్ల గాలిముసుగు వచ్చాయి. వాటిలో చదవడానికేమీ లేకపోయింది. ఇది వేరు. తిరిగే కొయ్య మీద లక్కను అదిమి పడుతున్నప్పుడు చుట్టూ పుట్టే ప్రతి చప్పుడుకూ చెయ్యి వెంట్రుకవాసి అదురుతుంది. ఆ అదురు లక్కలో గాడిగా మిగులుతుంది. ఆ గాడిని చదవడమే ఆమె ఉద్యోగం.

ముక్క జానెడుంది. గగనయుద్ధం రోజుల్లో ఏటికొప్పాక పనివాళ్ళు బొమ్మలు మానేసి, శత్రువును ఏమార్చడానికి ఎగరేసే బూటకపు మరడేగలకు, అంటే డ్రోన్లకు, ఇలాంటి కొయ్యముక్కులు చేసిచ్చారు. ఇచ్చినవారి పేరు కోసం కాగితం తిరగేసిన గౌరీశ్వరి అక్కడే ఆగిపోయింది. బండారు సన్యాసమ్మ. ఎర్రునాయుడి భార్య. ఫలితం తెలిసేదాకా ఆగుతానని కాగితంలో రాయించి, ఆవిడ ఇంకా బయట బల్ల మీదే కూర్చుని ఉంది.

ముప్ఫై ఒక్క ఏళ్ళ క్రితం ఆరో నంబరు నేలమాళిగకు ఎర్రునాయుడు తలుపు కాపరి. ప్రమాదం తప్పిందని చెప్పే విడుదల కూత రాకముందే అతను తలుపు తీశాడని, బయటికొచ్చిన యాభై ముగ్గురూ బాంబు పడి వాకిట్లోనే పోయారని ప్రదర్శనశాలలోని పలకలన్నీ చెబుతాయి. ఆ యాభై ముగ్గురిలో గౌరీశ్వరి తండ్రి రామ్మూర్తి ఒకడు. అప్పటికామెకు తొమ్మిదేళ్ళు. ఎర్రునాయుడు మాత్రం బతికాడు. అదీ మూడేళ్ళే. ఊళ్ళో ఎవరూ అతనితో మాట్లాడలేదు, అతని పొలంలోకి కూలికి రాలేదు. నాలుగో ఏడు బావిలో శవమై తేలాడు.

ఆమె చెవులకు శ్రవణిక తగిలించుకుని పీఠాన్ని తిప్పింది. ముందు లేత్ మిషను గిరగిర. దూరంగా కోడి. ఒక ఆడమనిషి దగ్గు. ఆ తర్వాత కూత మొదలైంది. హెచ్చరిక కూత ఎక్కుతూ దిగుతూ ఊగుతుంది. ఇది ఊగలేదు. తీసిన గీతలా ఒకే ఎత్తులో సాగి సాగి ఆగింది. పందొమ్మిది సెకన్లు గడిచాయి. ఎక్కడో ఎవరో నవ్వారు. మరుక్షణం గాడి ఒక్కసారిగా ఎగిరి, లక్క చిరిగిపోయింది.

ఆ ఊరి మీద పడిన బాంబు ఒక్కటే.

మూడుసార్లు విన్నది. మూడోసారి ఆ నవ్వు రాకముందే శ్రవణిక తీసేసింది.

రాష్ట్రంలోని ప్రదర్శనశాలలన్నిటి చేత ఒకే మాట పలికించే ఏకవాక్యం అనే యంత్రం అప్పటికే తెర మీద తీర్పు చెప్పింది: "విడుదల కూత చరిత్రలో లేదు. వర్గం: రొద. ఆమోదించండి."

విభాగాధికారి పరదేశి వెనక నుంచి వంగి చూశాడు. "రొద అని అదే అంటోంది కదమ్మా. వేలు పెట్టేయండి."

"ఇది రొద కాదు సార్. మీరూ వినండి."

"నేను వినను. వింటే నేనూ సాక్షినవుతాను." అతను కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. "ఏకవాక్యం వచ్చిన ఈ పందొమ్మిదేళ్ళలో విభేదం మీట ఎవరూ నొక్కలేదు. నొక్కితే ఆ సంఘటన గురించిన పలకలన్నీ విచారణ తేలేదాకా ఖాళీ అవుతాయి. అమరుల గోడ మీద పేర్లతో సహా. మీ నాన్నగారి పేరు కూడా. మీకు ఉద్యోగం వచ్చింది ఆ పేరు మీదే."

"కూత వేసినవాళ్ళదే పొరపాటైతే మా నాన్న ఎవరి వల్ల పోయినట్టు?"

"అది తేల్చడానికి ఆ కూత వేసినవాళ్ళనే కమిటీ వేస్తారు," అన్నాడు పరదేశి. అందులో వెటకారం లేదు. జరగబోయేదే చెప్పాడు.

గౌరీశ్వరి తెర వైపు తిరిగింది. విభేదం మీట మీద బొటనవేలు ఆన్చి, అది నమోదయ్యేదాకా తీయలేదు.

గది బయట పెద్ద హాలులో పలకలు ఒక్కొక్కటే తెల్లబడ్డాయి. అమరుల గోడ మీద యాభై మూడు పేర్లు పై నుంచి కిందికి చెరిగిపోయాయి. తండ్రి పేరు నలభయ్యోది. అది పోయేదాకా ఆమె అక్కడే నిలబడింది. ఎవరో సందర్శకుడు కరెంటు పోయిందా అని అడిగాడు.

సన్యాసమ్మ బల్ల మీద సంచి ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. "ఇనిపించిందా?" అంది.

"వినిపించింది. విడుదల కూతే. అది వచ్చాకే ఆయన తలుపు తీశారు."

ముసలావిడ మొహంలో ఏ మార్పూ రాలేదు. "ఆనాడే సెప్పినాను. పెళ్ళాం మాట సాచ్చికం కాదన్నారు."

"నేను రామ్మూర్తి కూతుర్ని." అంది గౌరీశ్వరి. "మీ గుమ్మంలో పేడనీళ్ళు పోసిన పిల్లల్లో నేనూ ఉన్నాను."

"తెల్సు. నీ డ్యూటీ ఏ రోజో కనుక్కునే వచ్చినాను. ఇంకెవులిన్నా రొదని రాసి పారేద్దురు. సచ్చిపోయినోడి కూతురు రాస్తే అంత సులువుగా కొట్టెయ్యలేరు గదా."

గౌరీశ్వరి ఆవిడ పక్కన కూర్చోబోయి, కూర్చోలేక నిలబడింది. "నన్ను క్షమించండమ్మా."

సన్యాసమ్మ సంచి భుజానికి తగిలించుకుని, బల్ల అంచు పట్టుకుని మెల్లగా లేచింది.

"అది నా కాడ లేదమ్మా," అంది. "ఆయన కాడుండీది."