వెళ్ళొస్తా అనకూడని రేవు

ఆ దీవి రేవులో ఒక్క మాట మాత్రం అనకూడదంటారు. బూతు మాట కాదు, శాపనార్థం కాదు. మనమందరం రోజూ గడప దాటేటప్పుడు అనే మాటే — వెళ్ళొస్తా.

అక్కడ దిగొచ్చు. తిరగొచ్చు. తెచ్చుకున్నది తిని చెయ్యి కడుక్కోవచ్చు. తిరిగి లాంచీ ఎక్కేటప్పుడు మాత్రం "పోతున్నా" అనాలి, లేదా నోరు మూసుకుని ఎక్కాలి. "వెళ్ళొస్తా" అన్నవాళ్ళని ఆ దీవి వదలదట. వస్తానన్నావుగా... ఏదీ, ఇంకా రాలేదేం? అంటుందట.

పూర్వం ఓడల్లో జబ్బు పుడితే ఊరి రేవులోకి రానిచ్చేవాళ్ళు కాదు. జబ్బుపడ్డవాళ్ళని ముందు ఆ దీవి మీద దింపేవాళ్ళు. రాతితో కట్టిన పొడుగాటి ఆస్పత్రి గది అక్కడ ఇప్పటికీ ఉంది, ఇనప మంచాలతో సహా. తోడొచ్చిన భార్యో, అన్నో, కొడుకో ఆ గుమ్మంలో నిలబడి, "వెళ్ళొస్తాం, నువ్వు ధైర్యంగా ఉండు" అని చెప్పి మళ్ళీ ఓడెక్కేవాళ్ళు. తిరిగొచ్చినవాళ్ళు లేరు. ఆ మాట నమ్ముకుని పడుకున్నవాళ్ళు అక్కడే మట్టిలో కలిశారు.

ఇదంతా నాకు మా అక్క చెప్పింది. అక్కకి దెయ్యాల మీద నమ్మకం లేదు. నాకసలే లేదు. విన్నది విన్నట్టు చెప్తున్నాను, ఆ తర్వాత మీ ఇష్టం.

అక్కది టూర్లు కుదిర్చే చిన్న ఆఫీసులో ఉద్యోగం. జిరాక్స్ షాపు మీద ఒకటే గది, గోడకి సముద్రం బొమ్మ, కింద నుంచి రోజంతా మిషను వేడి. రిటైరైన ఇంజనీర్ల సంఘం ఒకటి ఆ దీవికి పడవ ప్రయాణం కావాలని వచ్చింది. చరిత్ర చూడాలట. అడిగిన ప్రశ్నలన్నీ మాత్రం బాత్రూముల గురించే. ఒకాయనకి మోకాళ్ళు, ఒకాయనకి షుగరు, ఒకాయన భార్యకి నీళ్ళంటే భయం. నీళ్ళంటే భయమున్నావిడకి దీవి ఎందుకో అని అక్క నాతో అందిగానీ ఆవిడతో అనలేదు. "అలాగేనండీ, చూద్దామండీ" అనీ అనీ దాని గొంతు అరిగిపోయింది.

అప్పటికే మేమిద్దరం నీరసించిపోయి ఉన్నాం. పిన్ని ఆస్పత్రిలో ఉంది.

అమ్మ పోయాక మమ్మల్ని పెంచింది పిన్నే. పెళ్ళి మాట ఎత్తితే, ఉన్న ఇద్దరు పిల్లలతోనే తల ప్రాణం తోకకొస్తోంది, ఇంకో సంసారం కూడానా అనేది. ఇప్పుడు ఊపిరితిత్తుల్లో నీరు చేరింది. తీస్తున్నారు, మళ్ళీ చేరుతోంది. ఎన్నాళ్ళని అడిగితే డాక్టరు జవాబు చెప్పడం మానేశాడు. నాది ప్రెస్సులో రాత్రి షిఫ్టు కాబట్టి పగలు నేను, సాయంత్రం ఆఫీసు అయ్యాక అక్క. మెట్ల దగ్గర ఎదురుపడి ఫ్లాస్కు చేతులు మార్చుకునేవాళ్ళం. "తిన్నదా?" "ఏదో తిన్నది." అంతే మా మాటలు. రాత్రిళ్ళు వార్డులో ఎవర్నీ ఉండనివ్వరు.

అక్క భయం ఒకటే. పిన్ని పోతుందని కాదు, ఆ సంగతి ఇద్దరికీ తెలుసు. పోయే వేళకి పక్కన ఎవరూ లేకుండా, ఆ వార్డులో ఇనప మంచం మీద ఒంటరిగా పోతుందేమోనని.

పిన్నికి మాట పట్టింపు ఎక్కువ. చిన్నప్పుడు "స్కూలుకి పోతున్నా" అన్నామా... వీధి మలుపు దాటినా వెనక్కి పిలిచేది. చెప్పులు విప్పించి, లోపలికి రప్పించి, "వెళ్ళొస్తా" అనిపించి మళ్ళీ పంపేది. "పోయేవాళ్ళు పోతారు. ఇంటికి రావలసినవాళ్ళు వెళ్ళొస్తారు" అనేది. బస్సు తప్పిపోయినా సరే, ఆవిడకి లెక్కలేదు.

ఆస్పత్రి మంచం మీద కూడా అదే తంతు. అక్క బ్యాగు భుజాన వేసుకుని, తలుపు దగ్గర నిలబడి, "వెళ్ళొస్తా పిన్నీ" అనాలి. పిన్ని కళ్ళు మూసుకునే, "మంచిది. తలుపు దగ్గరగా వేసి వెళ్ళు, చలిగాలి" అనాలి. గాలాడక ఉడికిపోతున్న రోజుల్లోనూ ఆ చలిగాలి ఎక్కణ్ణుంచి వచ్చేదో మాకు తెలీదు.

పెద్దవాళ్ళని తీసుకెళ్ళాలంటే ముందొకసారి చూసి రావాలి కదా. ఎక్కడ దిగాలి, మెట్లు ఎలా ఉన్నాయి, నీడ ఉందా. అక్క ఒకరోజు లాంచీ మాట్లాడుకుని మధ్యాహ్నం బయల్దేరింది. చీకటి పడేలోపు పిన్ని దగ్గర ఉంటానని ముందురోజే చెప్పింది.

లాంచీ నడిపే సరంగు పెద్దాయన. దీవి కనబడగానే మాట సంగతి చెప్పాడు.

"పోతున్నా అనడం అశుభం కదా బాబాయ్. మా పిన్ని వింటే నా వీపు చీరేస్తుంది."

"ఇక్కడ అదే శుభం తల్లీ. చరిత్ర చూసుకో, నోరు మాత్రం చూసుకో."

రేవు మెట్లు పాకుడు పట్టి ఉన్నాయి. పట్టుకోవడానికి తాడు కట్టించాలి అనుకుంది అక్క. బాత్రూము లేదు. ఇంజనీర్లకి ఈ సంగతి ఎలా చెప్పాలా అనుకుంటూ దీవంతా తిరిగి, ఆఖరున ఆ పొడుగు గదిలోకి వెళ్ళింది. గోడల వెంట వరసగా ఇనప మంచాలు. ఒక కొసన కిటికీ. ఆస్పత్రిలో పిన్ని మంచం కూడా కిటికీ పక్కనే.

ఈలోపు ఆటు వచ్చి నీళ్ళు వెనక్కి తీశాయి. లాంచీ అడుగు బురదలో దిగబడింది. పోటు వచ్చేదాకా కదలదన్నాడు సరంగు. అక్క ఏం చేస్తుంది? గుమ్మంలో కూర్చుంది. గోడకి తల ఆనించింది. ఎన్నాళ్ళ నిద్రో... అలా పట్టేసింది.

లాంచీ హారన్‌కి మెలకువ వచ్చింది. చీకటి పడిపోయింది. పిన్ని ఎదురుచూస్తూ ఉంటుంది... ఆ కంగారులో లేచి, బ్యాగు భుజాన వేసుకుని, తలుపు పట్టుకుని —

"వెళ్ళొస్తా" అంది.

ఖాళీ గదికి.

రోజూ చేసే పనే. బ్యాగు, తలుపు, మాట. ఒళ్ళు అలిసిపోతే మనిషిని అలవాటే నడిపిస్తుంది. అన్నాక గానీ ఏమన్నదో దానికి తెలియలేదు.

లోపల చప్పుడు లేదు. తలుపు లాగింది. కొంత వచ్చి... ఆగిపోయింది. బందులు తుప్పు పట్టి ఉంటాయి అనుకుంది. ఇంకొంచెం లాగింది. అవతలి నుంచి ఎవరో పట్టుకున్నట్టు, తలుపు కొంచెం వెనక్కి వెళ్ళింది.

అక్క మెట్లు ఎలా దిగిందో తనకే తెలీదు. సరంగు లాంతరు ఎత్తి మొహం చూశాడు.

"అనేశావా?"

"అలవాటులో వచ్చేసింది బాబాయ్..."

ఆయన తిట్టలేదు. తిడితే బావుండేది అంది అక్క. "ఊరి రేవు చేరేదాకా ఆపకుండా 'పోతున్నా, పోతున్నా' అంటూ ఉండు. మాట విరుగుతుందేమో చూద్దాం" అన్నాడు.

నీళ్ళ మధ్య, చీకట్లో, చదువుకున్న మా అక్క ఎక్కం అప్పజెప్పినట్టు అంటూనే ఉంది. పోతున్నా... పోతున్నా... పోతున్నా... నవ్వొచ్చింది. తర్వాత ఏడుపొచ్చింది. తర్వాత ఏదీ రాలేదు, నోరు దానంతటదే ఆడుతూ ఉంది.

సగం దారిలో సరంగు గుసగుసగా అన్నాడు. "వెనక్కి తిరక్కు తల్లీ... లాంచీ బరువెక్కింది."

దిగేటప్పుడు చూసింది. వెనక బల్ల మీద ఒక మనిషి కూర్చున్నంత మేర తడి. అల తుంపర అయ్యుంటుంది అనుకుని ఆటో ఎక్కింది.

వార్డు చేరేసరికి, బయటి మనుషులు ఉండే వేళ దాటిపోతోంది. పిన్ని మెలకువగానే ఉంది. "ఇప్పుడేనా రావడం?" అంది. అంతకుమించి మాట్లాడే ఊపిరి లేదు. అక్క జావ తాగించింది, మూతి తుడిచింది, దుప్పటి సర్దింది. పిన్ని మాత్రం అక్క భుజం మీదుగా తలుపు వైపే చూస్తోంది.

నర్సు వచ్చి ఇక వెళ్ళమంది. అక్క బ్యాగు తగిలించుకుంది. తలుపు దగ్గర ఆగింది.

"పోతున్నా పిన్నీ."

పిన్ని చూపు తలుపు మీద నుంచి కదల్లేదు.

అక్క మెట్లు దిగింది. కింద మందుల షాపు దాటింది. గేటు దగ్గర ఆగిపోయింది. ఏదో మర్చిపోయినట్టుంది... బ్యాగు ఉంది, ఫ్లాస్కు ఉంది. మరేంటి? ఆ... తలుపు దగ్గరగా వేసి వెళ్ళమని పిన్ని చెప్పలేదు. ఎందుకు చెప్పలేదు?

అప్పుడు గుర్తొచ్చింది తనేమన్నదో. రావలసిన చోట పోతున్నా అంది. పోవలసిన చోట వస్తానంది. చావు కబురు విన్నదానిలా వెనక్కి పరిగెత్తింది.

వార్డులో దీపాలు తగ్గించేశారు. పిన్ని కళ్ళు తెరుచుకునే ఉన్నాయి.

"వచ్చావా... నువ్వు అలా వెళ్ళిపోతే ఎలాగే? ఆవిడ నీ వెనకే వచ్చి నిలబడితేనూ."

"ఎవరు పిన్నీ?"

"తడిసి ముద్దయిపోయింది పాపం. కూర్చోమని కూడా అనలేదు నువ్వు. ఇదేనా నేను నేర్పింది?"

అక్క తిరిగి చూసింది. తలుపు దగ్గర ఎవరూ లేరు.

"మళ్ళీ వస్తానని మాటిచ్చావట కదా..." పిన్ని ఊపిరి కూడదీసుకుంది. "పిలుచుకెళ్ళడానికొచ్చానంది."

"పిన్నీ, నేనేదో అలవాటులో —"

"మాటంటే మాటే. తప్పకూడదు." పిన్ని చెయ్యి తడుముకుంటూ వచ్చి అక్క చెయ్యి పట్టుకుంది. "కానీ నీ మొహం చూడు ఎలా పీక్కుపోయిందో. ఈ ఒంటితో ఎక్కడికి వెళ్తావ్? అందుకని... దాని బదులు నేనొస్తాలే అన్నాను. సరేనంది."

నర్సు గదమడానికి వచ్చింది. అక్క మొహం చూసి, ఒక స్టూలు తెచ్చి పక్కన పెట్టి వెళ్ళిపోయింది.

అక్క ఆ చెయ్యి వదల్లేదు. తెలతెలవారుతుండగా పిన్ని కళ్ళు తెరిచి, "పోతానే మరి" అంది. పుట్టి బుద్ధెరిగాక ఆవిడ నోట ఆ మాట మేము విన్నది లేదు. వెళ్ళొస్తానని అనలేదు. పోయింది.

నేను ప్రెస్సు నుంచి వచ్చేసరికి ఊడ్చే ఆవిడ గొణుగుతోంది, మంచం పక్కన ఇన్ని నీళ్ళు ఎవరు ఒలకబోశారని. డాక్టరు ఏమంటాడో నాకు తెలుసు, అయినా అడిగాను. ప్రాణవాయువు తగ్గితే లేనివాళ్ళు కనబడతారన్నాడు. నేను అదే నమ్ముతాను. అక్కకి ఆ రాత్రి పక్కన ఉండే ప్రాప్తం దొరికింది, నాకు దొరకలేదు. ఆ బాధ ఇప్పటికీ ఉంది.

చావొచ్చిందని ఇంజనీర్లు ఆగుతారా? దినాలు అయ్యాక మళ్ళీ ఫోన్లు మొదలయ్యాయి. వేరే మనిషిని పంపుతామని ఆఫీసువాళ్ళు అంటే, అక్క ఒప్పుకోలేదు. నేనే తీసుకెళ్తానంది. కుర్చీలు మొయ్యడానికి ఎలాగూ మనిషి కావాలి కాబట్టి నేనూ వెళ్ళాను.

పెద్దమనుషులు దీవంతా తిరిగి, గోడల్లో సున్నం పాళ్ళ గురించి పోట్లాడుకుని, చరిత్రని కాస్త కూడా పట్టించుకోకుండా సాయంత్రం దాకా గడిపారు. సరంగు ఒక్కొక్కరి చేతా అనిపించి లాంచీ ఎక్కించాడు. "పోతున్నాం బాబూ, పోతున్నాం" అని నవ్వుకుంటూ ఎక్కారు. నీళ్ళంటే భయమున్నావిడ నవ్వలేదు.

ఆఖరున నేనూ అక్కా మిగిలాం. పొడుగు గది గుమ్మం దగ్గర అక్క నిలబడింది. ఆకు కదలడం లేదు, ఒకటే ఉక్క.

"వెళ్ళొస్తా పిన్నీ" అంది.

కింద నుంచి సరంగు, "ఎంత పని చేశావు తల్లీ" అన్నాడు.

"లోపల మా పిన్ని ఉంది బాబాయ్. ఇంకోలా అంటే ఊరుకోదు."

మెట్లు దిగడం మొదలుపెట్టాం. కొంచెం దిగి అక్క ఆగింది. తల ఓరగా తిప్పి... వెనక్కి ఎక్కింది. ఆ తలుపు పట్టుకుని లాగింది. తుప్పు బందులు చప్పుడైనా చెయ్యలేదు, తలుపు దగ్గరగా వచ్చి పడింది.

"ఎందుకక్కా తలుపు వేశావ్?" అన్నాను.

"ఏం, నువ్వు వినలేదా?"

విన్నాను. విన్నాను కాబట్టే అడిగాను.