ముందు నువ్వు తాగు

పారిస్‌లో మోర్లూ వారి మేడ ముందుకొచ్చేసరికి ఎంతటి బండివాడైనా శిలువ గుర్తు వేసుకుని గుర్రాన్ని అదిలిస్తాడు. ఏడాదిగా తాళం పడున్న ఇల్లు... అయినా రాత్రయితే వంటింటి గొట్టంలోంచి పొగ వస్తుందట.

ఆ ఇంట్లోంచి వరసగా మూడు శవాలు లేచాయి. ముందు పనిమనిషి పెరెట్, తర్వాత పెద్ద దొర, ఆపైన ఆయన కొడుకు. ఆస్తంతా కూతురు జిలోన్ దొరసానికి దక్కింది. విషప్పొడి పనిచేస్తుందో లేదో చూడ్డానికే ఆవిడ పెరెట్‌కి ముందుగా మురబ్బాలో కలిపి పెట్టిందని ఊరంతా గుసగుస. రుజువు మాత్రం లేదు.

ఉంది... వంటింటి పొయ్యి పక్కన, వదులు ఇటుక వెనక, ఆ పొడి సీసాలు దాచిన చిన్న పెట్టెలో. తెల్లారితే రాజుగారి మనుషులు సోదాకి వస్తున్నారని కబురందింది. పెట్టె దొరికితే దొరసాని తల తెగుతుంది. అందుకే ఆ రాత్రి మంచులో పడి, ముసుగేసుకుని ఒంటరిగా వచ్చింది.

తాళం తీసింది. లోపల — పొయ్యి మండుతోంది!

తెల్ల టోపీ పెట్టుకున్న పనిమనిషి ఒకతె తల వంచుకుని ద్రాక్షసారా వెచ్చబెడుతోంది.

"ఎవతివే నువ్వు?"

"కాపలాకి పెట్టారమ్మగారూ... వణికిపోతున్నారు. కాస్త తాగండి."

అయినవాళ్ళకే విషం పెట్టినదానికి ఎవర్ని చూసినా అనుమానమే కదా! "ముందు నువ్వు తాగు," అంది. గొప్పిళ్ళలో అది ఆనవాయితీ. పనివాళ్ళు తాగి బతికితేనే దొరలు ముట్టుకుంటారు.

పనిమనిషి గుటక వేసింది. దొరసాని కప్పుకేసి చూసింది, గొంతుకేసి చూసింది. మొహంకేసి మాత్రం చూడలేదు. పనివాళ్ళ మొహాలు చూసే అలవాటు ఆవిడకి ఏనాడుంది గనక!

ఒక ప్రార్థన చదివేంతసేపు ఆగింది. పనిమనిషి నిక్షేపంగా నిలబడే ఉంది. ఇక కప్పు లాక్కుని అడుగంటా తాగేసింది.

ఇటుక లాగింది. పెట్టె ఉంది... హమ్మయ్య! మూత తీసింది.

సీసాలన్నీ ఖాళీ.

"ఇందులోది ఏమైందే?"

"ఇప్పుడేగా తాగారు..."

దొరసాని కడుపులో నిప్పు రాజుకుంది. "అబద్ధం! నువ్వూ తాగావు కదే!"

"తాగానమ్మగారూ," అంటూ పనిమనిషి తలెత్తింది.

ఆ మొహాన్ని దొరసాని జన్మలో ఒక్కసారే పట్టి చూసింది — మురబ్బా పెట్టిన రోజున, ఎంతసేపటికి చస్తుందోనని.

"పెరెట్..."

"ఒకసారి చచ్చినదాన్ని... మళ్ళీ ఎలా చస్తానమ్మగారూ?"